సున్నాల పుట్టినరోజు

నాగేశ్వరికి కోపం ముక్కు మీద ఉంటుందని ఇస్నాపూర్‌లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కూరగాయలవాడు తూకంలో వేలు పెట్టాడా, వాడి పని అయిపోయిందే. ఆటోవాడు నలుగురు పట్టే బండిలో ఏడుగురిని కుక్కితే మిగతావాళ్ళు ఒకరి ఒళ్ళో ఒకరు సర్దుకునేవాళ్ళు. ఆవిడ మాత్రం కిందికి దిగి, బండికి అడ్డం నిలబడి, వాడి తాతముత్తాతల దగ్గర్నుంచి మొదలుపెట్టేది. ఆడదానికి అంత నోరు పనికిరాదని బుద్ధి చెప్పబోయిన పెద్దమనుషులు కొందరున్నారు. పాపం, ఒక్కొక్కరు ఒక్కసారే చెప్పారు.

ఆ నోరు లేకపోతే ఏమయ్యేదో తెలుసుకోవాలంటే పటాన్‌చెరు దగ్గర హైవే పక్కనున్న ఒక మందుల ఫ్యాక్టరీ సంగతి వినాలి. అక్కడ వందమందికి పైగా మనుషులను, వాళ్ళు పుట్టక ముందే, ఒక కంప్యూటరు పుట్టించింది. వినడానికి నవ్వొస్తుంది. పడ్డవాళ్ళకు రాలేదు.

నాగేశ్వరి తండ్రి జీవితమంతా పరాయి పొలాల్లో కూలి చేసినవాడు. కూతురు ప్రతిదానికీ "ఎందుకు?" అని అడుగుతుంటే జవాబు చెప్పలేక బడిలో వేశాడట. ఆవిడ సంగారెడ్డిలో ఇంటర్ చదివింది, టైపు నేర్చుకుంది, ఎనభైల్లో ఆ ఫ్యాక్టరీ టైమాఫీసులో చేరింది. టైమాఫీసు అంటే గేటు పక్కనే ఉండే చిన్న గది. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎవరు సెలవు, ఎవరు ఎప్పుడు దిగిపోవాలి అన్న లెక్కలన్నీ అక్కడే ఉంటాయి. జనరల్ మేనేజరుకు కార్మికుల మొహాలు తెలియవు, నాగేశ్వరికి వాళ్ళ ఇళ్ళలో బర్రె ఈనిందో లేదో కూడా తెలుసు.

ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో, భూములు పోయిన ఇళ్ళవాళ్ళకు ఇంటికొక కొలువు ఇచ్చారు. యాభై ఎనిమిదేళ్ళు నిండేదాకా ఎవరూ తీసెయ్యరని మాట కూడా ఇచ్చారు. ఆ కొలువులు ఇచ్చిన తీరు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కంపెనీ డాక్టరు అందరినీ వరసగా నిలబెట్టి, నోరు తెరిపించి పళ్ళు చూశాడు. కనురెప్ప కిందికి లాగి చూశాడు. అంగట్లో ఎడ్లను చూసినట్టు చూసి, "ఈమె నలభై రెండు రాయి, ఇతను నలభై ఒకటి రాయి" అంటూ పోయాడు. అదే వాళ్ళు పుట్టిన సంవత్సరం. నెల, తారీఖు ఎవరూ అడగలేదు. భూమి పోయి ప్యాకింగులో చేరిన మల్లమ్మను అడిగి ఉంటే చెప్పేది. సద్దుల బతుకమ్మ నాడు, వాకిట్లో పూలు పేరుస్తుండగా వాళ్ళ అవ్వకు నొప్పులు మొదలయ్యాయి. ఇప్పుడు బాయిలర్ ఉన్నచోట ఒకప్పుడు ఆమె శనగచేను ఉండేది.

అప్పటి పర్సనెల్ ఆఫీసరు కాస్త ధర్మం తెలిసినవాడు. పుట్టిన సంవత్సరం మాత్రమే తెలిసినవాళ్ళు ఆ సంవత్సరం చివరి రోజున పుట్టినట్టు లెక్క కడతామని కార్మిక సంఘంతో ఒప్పందం రాసుకున్నాడు. తెలియనిది ఉన్నప్పుడు దాని లాభం కూలివాడికే పోనీ అన్నాడు. అట్లాంటి మనుషులు కంపెనీల్లో ఎక్కువ కాలం ఉండరు కదా, ఆయనా ఉండలేదు. ఒప్పందం మాత్రం మిగిలింది.

తరవాత కొన్నేళ్ళకు కంప్యూటరు వచ్చింది. పేర్లన్నీ ఎక్కించింది నాగేశ్వరే. పుట్టిన తేదీ దగ్గర సంవత్సరం ఒక్కటే కొడితే మిషను ముందుకు కదిలేది కాదు. ప్రోగ్రాము తెచ్చిన కంపెనీవాళ్ళను అడిగితే, "తారీఖు దగ్గర సున్నా, నెల దగ్గర సున్నా కొట్టండమ్మా" అన్నారు.

"సున్నా అంటే మిషనుకు ఏమర్థమైతది?" అని అడిగింది.

"తెలియదు అని అర్థమవుతుంది. రిటైర్మెంటుకి మీ ఒప్పందం ప్రకారం ఏడాది చివరి రోజు తీసుకుంటుంది."

సరేనని మల్లమ్మకు సున్నా సున్నా నలభై రెండు కొట్టింది. బాయిలర్ దగ్గర పనిచేసే పెద్దరాములుకు సున్నా సున్నా నలభై ఒకటి కొట్టింది. అట్లా నూటికి పైగా సున్నాలు కొట్టింది. పదకొండేళ్ళు ఏ గొడవా రాలేదు.

మధ్యలో సంఘంవాళ్ళు కొట్లాడి ఇంకొకటి సాధించారు. పుట్టినరోజు నాడు కార్మికుడికి జీతంతో సెలవు, ఒక లడ్డూ. ఆ సెలవు ఆపే హక్కు యాజమాన్యానికి లేదు. ప్రతి నెలా ఒకటో తారీఖున కంప్యూటరే పుట్టినరోజుల పట్టిక తీసేది, క్యాంటీనుకు లడ్డూల ఆర్డరు కూడా అదే తీసేది. సున్నాలవాళ్ళకు మాత్రం ఏమీ రాదు. పుట్టినరోజే లేనివాళ్ళకు లడ్డూ ఎవరిస్తారు?

ప్యాకింగ్ సెక్షన్‌లో ఏ పడుచుపిల్లో లడ్డూ తింటుంటే మల్లమ్మ టైమాఫీసు కిటికీలోంచి తల పెట్టేది. "ఏం నాగీ, నేను పుట్టనే లేదా బిడ్డా? ఆకాశంకెల్లి ఊడిపడ్డనా?"

"నువ్వు సున్నావు పెద్దమ్మా. సున్నాకు లడ్డూ రాదు."

"సున్నా గుండ్రంగనే ఉంటది గద, గదే లడ్డనుకొని ఇయ్యరాదే!" అని నవ్వుకుంటూ పోయేది.

ఇట్లా నవ్వులతో సాగుతుండగా రెండువేల సంవత్సరం దగ్గరపడింది. దేశమంతా ఒకటే భయం. కంప్యూటర్లకు సంవత్సరం అంటే చివరి రెండంకెలే తెలుసట, రెండు సున్నాలు రాగానే పంతొమ్మిది వందలనుకుని పిచ్చెక్కుతాయట. అందుకని ప్రోగ్రాములో తారీఖుల లెక్క చేసే భాగం మార్చాలన్నారు. ఆ భాగాన్ని ఎవరికి వారు రాసుకోరు. ఎక్కడో ఎవరో రాసిపెట్టినదాన్ని అందరూ తెచ్చి వాడుకుంటారు. దాని పేరు లైబ్రరీ, అందులో పుస్తకాలేవీ ఉండవు. అమీర్‌పేట నుంచి నరసరాజు అనే కుర్ర ఇంజనీరు, మర్యాదస్తుడు, భీమవరం వైపు వాడు, దసరా సెలవుల్లో వచ్చి పాత లైబ్రరీ తీసి కొత్తది పెట్టి పోయాడు. మిషను ముందుకన్నా జోరుగా నడుస్తోందని అందరూ మెచ్చుకున్నారు.

దసరా పోయిన వారానికే కంప్యూటరు పట్టికలో పెద్దరాములు పేరు ఎర్రచుక్కతో పడింది. నలభై ఒకటి అని రాసినవాళ్ళలో అప్పటికి పనిలో మిగిలింది అతనొక్కడే. వయోపరిమితి దాటి ఏడాది కావస్తోందని రాసి ఉంది. కొత్తగా వచ్చిన పర్సనెల్ మేనేజరు అతన్ని పిలిపించాడు.

"ఏడాదిగా వయసు దాచి పని చేస్తున్నావు. ఇది మోసం. ఏదో పెద్దవాడివని వదిలేస్తున్నా, ఇవాళే దిగిపో."

పెద్దరాములు నోట్లో నాలుక లేని మనిషి. బాయిలర్ వేడికి మొహం నల్లబడి, కనుబొమ్మలు ఊడిపోయి ఉండేవి. రెండు చేతులూ జోడించాడు. "తప్పయింది సారూ. నాకెరుకలేక జేసిన."

తప్పు ఎవరిది, క్షమాపణ ఎవరు అడిగారు? ఆ రోజు అతను గేటు కార్డు తిరిగిస్తూ టైమాఫీసు కిటికీ దగ్గర ఆగాడు. "నాగేశ్వరీ, నేను అబద్ధం ఆడిన్నంట బిడ్డా. మిషన్ల పడ్డదంట" అన్నాడు. ఆవిడ మేనేజరు దగ్గరికి పరుగెత్తింది. "పాత సిస్టంలో తప్పుంది, కొత్తది సరిచేసింది, నీ పని చూసుకో" అని జవాబు వచ్చింది. బయటికి వచ్చేసరికి పెద్దరాములు వెళ్ళిపోయాడు. ఇరవై ఏళ్ళకు దగ్గరగా చేసిన మనిషికి కనీసం ఒక పూలదండ కూడా వెయ్యలేదు, చూడండి.

నవంబరు ఒకటో తారీఖు వచ్చింది. ప్రింటరు మొదట ఆ నెల రిటైర్మెంట్లు తీసింది. నలభై రెండు అని రాసినవాళ్ళందరూ అందులో ఉన్నారు, మల్లమ్మ కూడా. నవంబరు ముప్పైన దిగిపోవాలి. నిజానికి వాళ్ళకు ఇంకో ఏడాదికి పైగా ఉంది. తరవాత ప్రింటరు పుట్టినరోజుల పట్టిక మొదలుపెట్టింది, ఎంతకీ ఆగదే! కాగితం మీద కాగితం. మిషను ఇరుక్కుందేమోనని నాగేశ్వరి ప్లగ్గు పీకబోయి, ఒక కాగితం చూసి ఆగింది. ప్రతి పేరు పక్కనా ఒకటే తారీఖు, నవంబరు ముప్పై. ఆ పేర్లన్నీ ఆవిడ సున్నాలు కొట్టినవే.

ఫోను చేసిన రెండో రోజు నరసరాజు వచ్చాడు. తెర ముందు కూర్చుని చూసి, చూసి, తల గోక్కున్నాడు.

"అదేంటంటేనండీ, పాతదాంట్లో సున్నా అంటే తెలీదని అర్థం. కొత్తదాంట్లో అలా కాదండీ. సున్నా నెల అంటే జనవరికి ముందు నెల, అంటే వెనకటేడు డిసెంబరు. సున్నా తారీఖంటే ఒకటో తారీఖుకి ముందు రోజు. డిసెంబరు ఒకటికి ముందు రోజు ఏదండీ? నవంబరు ముప్పై. అందుకే నలభై రెండు కాస్తా నలభై ఒకటి నవంబరు అయిపోయింది. లెక్క ప్రకారం తప్పులేదండీ."

"తప్పులేదా?" నాగేశ్వరి లేచి నిలబడింది. "ఒక మనిషిని ఏడాది ముందుగాల పుట్టిస్తే తప్పులేదా? గిట్ల మారుస్తున్నమని మాకెందుకు చెప్పలే?"

"చెప్పారండీ. దాంతోపాటు ఒక లావుపాటి పుస్తకం వచ్చింది. పాత పద్ధతి ఇకమీద చెల్లదని ఓ మూల రాసుంది. నేనే చూళ్ళేదు, అంతా ఎవరు చదువుతారండీ?" పాపం, దాచకుండా ఒప్పుకున్నాడు. "అయినా దాన్ని రాసినవాళ్ళ తప్పు కూడా కాదనుకోండి. పుట్టినరోజు తెలీని మనిషి ఉంటాడని వాళ్ళెలా ఊహిస్తారు?"

"మా ఊళ్ళె సగంమంది ఉన్నరు, సారూ. ఉద్యోగం ఇచ్చేటప్పుడు తారీఖు అడగనిది మీరే, ఇప్పుడు తారీఖు లేదని తరిమేది మీరే!"

అది నరసరాజును అనాల్సిన మాట కాదు, అయినా అనేసింది. ఆ సమయానికి ఎదురుగా ఉన్నది అతనే. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని ఎవరో ఒక సున్నాకు అర్థం మార్చారు, ఇక్కడ ఒక ముసలాయన చేతులు జోడించి లేని తప్పుకు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

"పాతదే మళ్ళ పెట్టు" అంది.

"పెడితే జనవరి ఒకటిన మీ ఫ్యాక్టరీ మొత్తం పంతొమ్మిది వందల సంవత్సరంలోకి పోతుందండీ. అప్పటికి మీరెవరూ పుట్టనే లేదు, జీతాలెవరికిస్తుంది?" అని కాసేపు ఆలోచించాడు. "ఒకటి చెయ్యొచ్చండీ. మధ్యలో చిన్న ముక్క రాస్తాను. సున్నాలు కనబడగానే వాటిని లైబ్రరీ దాకా పోనివ్వకుండా అదే ఆపేసి, ఏడాది చివరి రోజని జవాబిస్తుంది. ఒక పూట పని. మీ మేనేజర్ గారు సంతకం పెట్టాలంతే."

ఇద్దరూ మేనేజరు గదిలోకి వెళ్ళారు. ఆయన అంతా విన్నాడు. నరసరాజు బొమ్మ గీసి మరీ చెప్పాడు. అర్థం కాలేదని అనడానికి వీల్లేదు, బాగా అర్థమైంది.

"పుట్టిన తేదీలు మార్చమంటారా? ఎంతమందివి? అది ఫోర్జరీ అవుతుంది. నేను సంతకం చెయ్యను."

"మార్చమంటలేము సార్," అంది నాగేశ్వరి. "మిషను మార్చింది. మళ్ళ ఉన్నట్టు పెట్టమంటున్నం."

"మిషను మార్చలేదమ్మా, అప్‌డేట్ అయింది."

చూశారా న్యాయం! మిషను మారిస్తే అప్‌డేటు, మనిషి సరిచేస్తే ఫోర్జరీ. నాగేశ్వరికి అప్పుడు తట్టింది. అవతల రెండో యూనిట్ కడుతున్నారు. అది ఉగాదికి మొదలవుతుంది. ఆ రోజుకు ఉద్యోగంలో ఉన్న పాతవాళ్ళ ఇంటినుంచి ఒక్కొక్కరిని కొత్త యూనిట్‌లో తీసుకోవాలని ఒప్పందం. సున్నాలవాళ్ళు ఎంతమంది ముందే దిగిపోతే కంపెనీకి అంత తెరిపి. మొదట పొరపాటే కావచ్చు. తెలిసిన తరవాత దాన్ని పట్టుకుని వేలాడితే ఏమనాలి?

మేనేజరు అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఎవరూ మళ్ళీ ఈ మాట ఎత్తకూడదని నోటీసు బోర్డుకు ఒక కాగితం అంటించాడు. "ఇకపై అన్ని విషయాలలోనూ కంప్యూటరులో ఉన్న పుట్టిన తేదీయే అంతిమం" అని, కింద పెద్ద సంతకం. అన్ని విషయాలలోనూ అన్న మాట కింద ఒక గీత కూడా కొట్టాడు.

మధ్యాహ్నం అన్నాల వేళ నాగేశ్వరి ప్యాకింగ్ షెడ్డుకు వెళ్ళింది. మల్లమ్మ గోడకు ఆనుకుని టిఫిను విప్పుకుని కూర్చుని ఉంది. ఆమె కొడుకును రెండేళ్ళ కిందట హైవే మీద లారీ కొట్టేసింది. కోడలు సోమమ్మ, ఇద్దరు మనవరాళ్ళు ఆమె దగ్గరే ఉన్నారు. సోమమ్మను రెండో యూనిట్‌లో పెట్టాలన్నదే మల్లమ్మ ఆశంతా. తాను ఉగాది దాకా ఉద్యోగంలో ఉంటేనే కోడలికి కొలువు. నవంబరులోనే దిగిపోతే సోమమ్మ గేటు బయట కూలికి నిలబడాల్సిందే.

సంగతంతా చెప్పేసరికి మల్లమ్మ చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది.

"మా అవ్వ నన్ను కన్ననాడు మీ కంపూటరేమన్న మంత్రసానా?" గొంతు షెడ్డంతా మోగింది. "సద్దుల బతుకమ్మ నాడు పుట్టిన నేను! ఎవడువాడు నా పుట్టుక మార్చెటోడు? భూమి అడిగిన్రు, ఇస్తిమి. పండ్లు సూపమన్నరు, సూపిస్తిమి. ఇగ నేను ఎన్నడు పుట్టాల్నో గది గూడ వీళ్ళే జెప్తరా?" గట్టిగా తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాస్తే కాగితం కాలిపోతుంది.

చుట్టూ ఆడవాళ్ళు చేరారు. ఒకామె ఏడ్చింది. ఇంకొకామె ఏం జేస్తం, నెత్తిన రాసింది అంది. మల్లమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి, నీళ్ళు తాగి, ఉన్నట్టుండి అడిగింది.

"అయితే నాగీ, నా పుట్టినరోజు నవంబరు ముప్పై అన్నట్టేనా?"

"గట్లనే అంటుండ్రు పెద్దమ్మా."

"మరి నా లడ్డేది?"

మొదట ఎవరికీ అర్థం కాలేదు. నాగేశ్వరి మాత్రం ఉలిక్కిపడి ఆమె వంక చూసింది.

"లడ్డొక్కటేనా? సెలవేది? నాకొక్కదానికేనా, మా అందరిదీ గా దినమే గదనే! బాయిలర్ కాడ అంజన్నది, అగో ఆ ఆగమ్మది, అందరిది. పుట్టినరోజు సెలవు ఎవడూ ఆపొద్దంటిరి. అన్నిటికి కంపూటరే అంతిమమంటిరి. ఇయ్యమను సెలవు!"

షెడ్డులో ముందు ఒకామె నవ్వింది, తరవాత అందరూ నవ్వారు. నాగేశ్వరి నవ్వలేదు. పరుగున టైమాఫీసుకు వెళ్ళి పట్టిక తీసి చూసింది. బాయిలర్లో, ప్యాకింగులో, లోడింగులో, క్యాంటీనులో సగానికి సగం సున్నాలవాళ్ళే. ఆ తరవాత నెలంతా ఆవిడ ఒక్క మాట గట్టిగా మాట్లాడలేదు. ఇంట్లో మొగుడు భయపడి ఒంట్లో బాగాలేదేమోనని డాక్టరు దగ్గరికి పోదామన్నాడట.

నవంబరు ముప్పై పొద్దున బాయిలర్ పొగగొట్టంలో పొగ లేదు. హైవే మీద పోయే బస్సులవాళ్ళు కూడా వింతగా చూశారు. ఆవిరి లేక లోపల మిషన్లన్నీ చల్లబడ్డాయి. గేటు ముందు చెట్టుకింద, ఉతికిన చీరలు కట్టుకుని, తలల్లో బంతిపూలు పెట్టుకుని ఆడవాళ్ళు, కొత్త రుమాళ్ళు చుట్టుకుని మగవాళ్ళు. జెండాలు లేవు, నినాదాలు లేవు. అందరూ పద్ధతిగా సెలవు చీటీలు వేలిముద్రలతో సహా ముందురోజే టైమాఫీసులో ఇచ్చారు. క్యాంటీను కాంట్రాక్టరు కంప్యూటరు తీసిన ఆర్డరు చూసి గంపలకు గంపలు లడ్డూలు దింపుతున్నాడు. అతనికి తెలిసింది ఆర్డరే, మిగతాది అతనికెందుకు?

మేనేజరు కారు గేటు దగ్గర ఆగింది. ఆయన దిగి, లడ్డూ గంపలను, మనుషులను, పొగలేని గొట్టాన్ని చూశాడు.

"ఏమిటిది? సమ్మెనా? నోటీసు లేకుండా సమ్మె చేస్తారా?"

"సమ్మెగాదు సారూ, పుట్టినరోజు." మల్లమ్మ ముందుకొచ్చి ఒక లడ్డూ ఆయన చేతిలో పెట్టబోయింది. "యాభై ఎనిమిదేండ్లల్ల ఇదే మొదటిది. హ్యాపీ బర్త్‌డే జెప్పు సారూ."

ఆయన మొహం కందగడ్డయింది. లడ్డూ తీసుకోలేదు. "లోపల మందుల బ్యాచ్ పాడైపోతుంది! ఇంతమంది ఒకే రోజు ఎట్లా పుడతారు?"

నాగేశ్వరి టైమాఫీసు మెట్లు దిగింది.

"మేము నెల కింద మిమ్మల్ని అడిగింది గదే సార్."

మాట ఆయన నోటినుంచే జారింది. గట్టిగా అన్న మాట, అందరూ విన్న మాట, ఎట్లా మింగుతాడు? పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వచ్చాయి. మధ్యాహ్నం లోపే నరసరాజు చేతికి సంతకం చేసిన కాగితం వచ్చింది. అతను పొద్దుటి నుంచి టైమాఫీసులోనే కూర్చుని ఉన్నాడు, పాపం, ఒక లడ్డూ కూడా తిన్నాడు. సాయంత్రానికి ఆ చిన్న ముక్క రాసిపెట్టాడు. సున్నాలు మళ్ళీ సున్నాలయ్యాయి, తెలియనిది మళ్ళీ తెలియనిదైంది. మల్లమ్మ వీడ్కోలు కోసం తెచ్చిన పూలదండ, గోడగడియారం తిరిగి స్టోర్లోకి పోయాయి. ఆమె పని పోలేదు. ఉగాదినాడు సోమమ్మ రెండో యూనిట్ గేటులోంచి లోపలికి నడిచింది.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది!

సంతకం చేస్తున్నప్పుడే నాగేశ్వరి అడిగింది. "మరి పెద్దరాములు కాక? ఆయనకింకా నెల ఉన్నది సార్."

"అది క్లోజ్ అయిన కేసు. ఇవాళ్టి నుంచే ఈ ఆర్డరు" అన్నాడు మేనేజరు, పెన్ను మూత పెట్టుకుంటూ.

ఆ సాయంత్రం మల్లమ్మ కొంగులో ఒక లడ్డూ కట్టుకుంది. ఇద్దరూ పెద్దరాములు ఇంటికి వెళ్ళారు. అతను వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా మల్లమ్మ చేతులు తిప్పుతూ, మేనేజరు మొహం అనుకరిస్తూ చెప్పింది. అతను కొద్దిగా నవ్వాడు. లడ్డూ తీసుకుని మనవడికి ఇచ్చాడు.

"మంచిగైంది. మీ కొలువులు నిలవడ్డయి." తరవాత నాగేశ్వరి వైపు తిరిగాడు. "నేను అబద్ధం ఆడలేదని ఏమన్న రాసిన్రా బిడ్డా?"

"లేదు కాకా, రాయిస్త" అంది నాగేశ్వరి. ఆ ఒక్క మాట కోసం ఆ తరవాత ఎన్నిసార్లు మేనేజరు గది తలుపు కొట్టిందో, ఎన్ని అర్జీలు పెట్టిందో చెప్పడం అనవసరం. క్లోజ్ అయిన కేసు, క్లోజ్ అయిన కేసు అన్నారు. ఒక్క వాక్యం! దానికి బ్యాచ్ పాడవదు, బాయిలర్ ఆగదు. ఎవరి సొమ్ము పోతుందని రాయలేదు? రెండేళ్ళకు పెద్దరాములు పోయాడు. అబద్ధాలకోరనే మాట మీద పడివుండగానే పోయాడు.

తరవాత ఆ ఫ్యాక్టరీ చేతులు మారింది. ప్రోగ్రాములు మారాయి. ప్రతి మూడు నాలుగేళ్ళకూ ఒకడు కొత్త వెర్షనంటూ వచ్చేవాడు, అన్నీ బాగుంటాయి, వేగం పెరుగుతుంది, ఏమీ మారదు మేడం అనేవాడు. నాగేశ్వరి విని, చాయ్ తెప్పించి, తానే కీబోర్డు ముందు కూర్చునేది. మిగతా పరీక్షలన్నీ తరవాత. ముందు ఒకే ఒక్క పేరు కొట్టేది. పెద్దరాములు. పుట్టిన తేదీ సున్నా, సున్నా, పంతొమ్మిది వందల నలభై ఒకటి. అది ఏం జవాబిస్తుందో చూసేది.

రెండువేల ఏడులో వచ్చిన కుర్రాడు ల్యాప్‌టాప్ తెచ్చాడు. ఆవిడ పేరు కొట్టగానే తెర మీద నవంబరు ముప్పై పడింది. కుర్రాడు నవ్వాడు. "సున్నాలు కొడితే అంతే మేడం. అసలు డేటాయే తప్పు. పుట్టిన తేదీ లేనివాళ్ళు ఎవరుంటారు? ఇంతకీ ఎవరీయన?"

నాగేశ్వరి ల్యాప్‌టాప్ మూసి అతని చేతికిచ్చింది.

"అబద్ధం ఆడని మనిషి. ఆయనకు సరైన జవాబు చెప్పినంకనే మా గేటు లోపలికి రా."

కుర్రాడు సంచి సర్దుకున్నాడు. ఆవిడ కిటికీ తెరిచి, బయట వరసలో నిలబడ్డ తరవాతి మనిషి గేటు కార్డు అందుకుంది.